వేరే లోటా లేని ఇల్లు

నగరిలో మరమగ్గాల వీధికి పోయి వరదమ్మ ఇల్లు ఏదని అడిగితే దారి చెప్పకముందే నవ్వుతారు. "నోరు ఇనపడతా ఉంటాది పో, అదే ఇల్లు" అంటారు. నిజానికి ఆ వీధిలో నోరు వినపడాలంటే మామూలు నోరు చాలదు. ప్రతి ఇంటి ముందుగదిలోనూ మగ్గాలు పొద్దస్తమానం టకటకా కొట్టుకుంటూనే ఉంటాయి. వాటి మీదుగా గొంతు లేపీ లేపీ వరదమ్మ గొంతు అలా తయారైంది. కొడుకు ధనుంజయ లుంగీలు నేస్తాడు, కోడలు రేవతి కండెలు చుడుతుంది, వరదమ్మ ఆ ఇద్దరి మీదా అజమాయిషీ చేస్తుంది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించే మనిషే గానీ, ఆ కుందేటిని కూర వండి వీధంతా పంచిపెట్టే మనిషి కూడా ఆమే. పెట్టే చెయ్యి, తిట్టే నోరు, రెండూ గొప్పవే.

ఆ ఇంటికి ఒక్కగానొక్క బిడ్డ తేజస్విని. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల ఎంత తిన్నా ఒళ్ళు చెయ్యలేదు, దగ్గు వదల్లేదు. బుగ్గ మీద ముద్దు పెట్టుకుంటే పెదాలకు ఉప్పు తగిలేది. "నా మనవరాలు ఉప్పుబిడ్డ మే, దిష్టి తగల్దు" అని వరదమ్మ మురిసిపోయేది కూడా. ఆ ఉప్పే రోగానికి గుర్తని తెలిసేసరికి పిల్లకు బడికి పోయే ఈడొచ్చింది. ఒకరు ఉబ్బసమన్నారు, ఒకరు టీబీ అన్నారు, ఇంకొకరు మట్టి తింటుందేమో చూసుకోమన్నారు. చివరికి తిరుపతిలో పిల్లల డాక్టరు రఘునాథ్ చెమట పరీక్ష చేయించి జబ్బు పేరు చెప్పాడు. సిస్టిక్ ఫైబ్రోసిస్. వరదమ్మకు ఆ పేరు నోరు తిరగలేదు గానీ డాక్టరు చెప్పిన సంగతి మాత్రం బాగానే తలకెక్కింది. మగ్గం మనిషికి చెప్పినట్టే చెప్పాడాయన. నూలుకు పెట్టే గంజి మరీ చిక్కనైతే పోగులన్నీ ఎలా అంటుకుపోతాయో, ఈ పిల్ల ఊపిరితిత్తుల్లో ఊరే జిగురు అలా చిక్కబడి అంటుకుపోతుంది. ఆ కఫంలో క్రిములు చేరతాయి. చేరకుండా చూసుకోవడం, చేరితే వెంటనే తరమడం, బతికినన్నాళ్ళూ అదే వైద్యం.

"నయం కాదా సార్?" అని రేవతి అడిగింది.

"జాగ్రత్తగా చూసుకుంటే పెద్దదవుతుంది, చదువుకుంటుంది" అన్నాడు డాక్టరు. అడిగినదానికి అది జవాబు కాదని ముగ్గురికీ తెలుసు.

ఆ రోజు నుంచి వరదమ్మ పొద్దు మారిపోయింది. పొద్దునా సాయంత్రమూ పిల్లకు మిషను పెట్టి ఉప్పునీటి ఆవిరి పట్టించాలి. ఆ మీదట ఒళ్ళో వాలుగా పడుకోబెట్టి, అరచెయ్యి గుల్ల చేసి వీపంతా తట్టాలి. కఫం కదిలి బయట పడిందాకా వదలకూడదు. కోడలు చేస్తానన్నా వరదమ్మ చెయ్యనివ్వలేదు. "నీకు కండెలు సుట్టే సెయ్యి, నాది పిండి తట్టే సెయ్యి. పక్కకు జరుగు" అనేది. అంత శ్రద్ధగా చేసింది కాబట్టే ఆ పిల్ల కఫం పరీక్షల్లో చాన్నాళ్ళు చెడ్డ క్రిమి కనపడలేదు. ఈ మాట ఎవరో అన్నది కాదు, డాక్టరే అన్నాడు. అదీ ఆమె చేసిన మంచి. మిగతాది కూడా చెప్పుకోవాలి కదా.

తిరుపతి ఆసుపత్రి వరండాలోనే అన్వరీ బేగం కనపడింది. పుత్తూరు మనిషి. భర్త జియావుల్లాకు అక్కడి మార్కెట్లో తువ్వాళ్ళు, లుంగీల అంగడి. కొడుకు షాకిర్ తేజస్విని కంటే కొంచెం పెద్దవాడు. బక్కపలచగా, కళ్ళు మాత్రమే మనిషై ఉన్నట్టు ఉండేవాడు. వాడి దగ్గు వినగానే వరదమ్మ తల తిప్పింది. ఆ దగ్గు ఆమెకు తెలుసు. లోకంలో ఇంకో గొంతులోంచి అది వస్తుందని అంతవరకూ అనుకోలేదు.

"ఏమ్మా, మీ బిడ్డకు కూడా ఉప్పు సెమటేనా?" అని అడిగింది.

అన్వరీ ఆమె మొహం చూసి, ఆమె పక్కనున్న పిల్లను చూసి, కళ్ళు తుడుచుకుంది. "ఈ రోగం దేవుడు మా ఒక్క ఇంటికే ఇచ్చినాడనుకుంటా ఉంటిని అమ్మా" అంది.

"మేమూ అట్లనే అనుకుంటిమి" అంది వరదమ్మ. అంతే, ఇద్దరూ ఒక బెంచీ మీద చేరారు. ఏ తిండి ఒంటబడుతుంది, మాత్ర ఎలా మింగిస్తారు, చుట్టాలకు ఏమని చెబుతారు, అన్నీ మాట్లాడుకున్నారు. పిల్లలిద్దరూ ఒకే పొట్లంలోంచి బొరుగులు తింటూ కూర్చున్నారు.

డాక్టరు గదిలోంచి బయటికొచ్చి అది చూశాడు. వరదమ్మనూ రేవతినీ లోపలికి పిలిచాడు. "ఈ జబ్బున్న పిల్లలు ఒకరి దగ్గర ఒకరు ఉండకూడదమ్మా" అన్నాడు. "మామూలు పిల్లలతో ఆడుకోనివ్వండి, పరవాలేదు. కానీ ఇలాంటి పిల్లల మధ్య క్రిములు తేలిగ్గా మారతాయి. అందులో సూడోమోనాస్ అని ఒకటుంది. మనకు ఏమీ చెయ్యదు. వీళ్ళ ఊపిరితిత్తుల్లో మాత్రం కాపురం పెట్టిందంటే ఇక పోదు, ఏళ్ళ తరబడి కొరుకుతూనే ఉంటుంది. అందుకని ఒకే గదిలో వద్దు, ఒకరి వస్తువులు ఇంకొకరికి వద్దు. నేను వాళ్ళకూ చెబుతాను. మీరూ వాళ్ళతో ఒక మాట అనుకోండి."

రేవతి తల ఊపింది. వరదమ్మ ఊపలేదు. ఒకరి వస్తువులు ఇంకొకరికి వద్దు అన్న దగ్గరే ఆమె చెవి ఆగిపోయింది.

ఎందుకంటే ఆ మాట ఆమె ఎప్పుడో విన్నది. కొత్తకోడలిగా ఈ ఇంటికి వచ్చిన రోజుల్లో హజరత్ వలి అని ఒక పెద్దాయన రంగు వేసిన నూలు తెచ్చి ఇచ్చేవాడు. ఎండలో పడి వచ్చేవాడు. ఆయన కోసమని బయట గోడ గూట్లో ఒక సత్తులోటా ఉండేది. తాగి, ఆయనే కడిగి, మళ్ళీ ఆ గూట్లోనే పెట్టాలి. అది అత్తగారి శాసనం. అంటకుండా పైనుంచి నీళ్ళు పోయడం కొత్తకోడలి పని. ఒకనాడు ఆ లోటాలో సాలీడు గూడు కట్టి ఉంది. పెద్దాయన దాన్ని చూశాడు, గూట్లోనే పెట్టేశాడు, దోసిలి పట్టాడు. ఆ దోసిట్లోకి నీళ్ళు పోస్తూ వరదమ్మ ఆయన మొహం చూడలేకపోయింది. అత్తగారు పోగానే ఆమె చేసిన మొదటి పని ఆ లోటాను పాతసామాన్లవాడికి వేసెయ్యడం. "ఈ ఇంట్లో ఇంక వేరే లోటా ఉండదు" అని వీధంతా వినేట్టు చెప్పింది. ఆ రోజుల్లో ఆ మాట అనడానికి గుండె కావాలి. ఆమెకు ఉంది. ఎవరూ కాదనలేరు.

తిరుగు బస్సులో రేవతి మెల్లగా కదిపింది. "అత్తమ్మా, ఆ పుత్తూరామెకు ఫోన్ నంబరు ఇచ్చినావు. ఇంటికి రమ్మన్న్యావు. డాక్టరు అట్ల చెప్పినాడు గదా."

"ఏం సెప్పమంటావు మే? సాయిబులు మా ఇంటికి రావద్దని సెప్పాల్నా?"

"సాయిబులని యాడన్నాడు? రోగం ఉండే పిల్లోడని గదా చెప్పినాడు."

"మనం ఎట్ల సెప్పినా వాళ్ళ సెవులకు అట్లనే ఇనపడతాది. మీ పిల్లోడు మా పిల్ల పక్కన కూసోగూడదు, మీ లోటా మాకొద్దు అంటే ఆ తల్లికి ఎట్లుంటాది? నువ్వు సూడలేదు, నేను సూసినాను" అంది వరదమ్మ. కిటికీలోంచి బయటికి చూస్తూ ఇంకో మాట కూడా కలిపింది. "డాక్టరుకు క్రిములు తెలుసు. మనుసులు నాకు తెలుసు."

రేవతి ఆ రాత్రి భర్తకు చెప్పింది. ధనుంజయ విని "అమ్మతో నువ్వే మాట్లాడు" అన్నాడు. అమ్మ మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో మగ్గానికి కూడా లేదు.

అలా రాకపోకలు మొదలయ్యాయి. జియావుల్లా ధనుంజయ దగ్గరే లుంగీలు కొనడం మొదలుపెట్టాడు. సరుకు కోసం వచ్చినప్పుడల్లా పెళ్ళాన్నీ కొడుకునూ వెంటబెట్టుకొచ్చేవాడు. రంజానుకు పుత్తూరు నుంచి షీర్ ఖుర్మా వచ్చేది, ఉగాదికి ఇక్కడి నుంచి బొబ్బట్లు పోయేవి. వీధిలో వాళ్ళు చూసి "వరదమ్మ ఇల్లంటే ఇల్లప్పా" అనుకునేవాళ్ళు. ఆ మాట ఆమె చెవిన పడేది. పడాలని ఆమెకూ ఉండేదనుకోండి.

పిల్లల సంగతి వేరు. వాళ్ళకు మతమూ పట్టదు, మర్యాదా పట్టదు. బడిలో తేజస్విని దగ్గితే పక్కపిల్లలు జరిగి కూర్చునేవాళ్ళు. అందుకని ఆ పిల్ల దగ్గును కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నొక్కిపెట్టడం నేర్చుకుంది. షాకిర్ ముందు ఆ బాధ లేదు. ఇద్దరూ క్యారంబోర్డు ముందు కూర్చుని పోటీ పడి దగ్గేవాళ్ళు. "నాదే గట్టిది" అనేవాడు వాడు. "నీది పీలగా ఉండాది పో, మగ్గం సప్పుడుకు ఇనపళ్ళేదు" అనేది ఇది. ఆవిరి మిషనుకు ఇద్దరూ కలిసి బుస్సుపాము అని పేరు పెట్టారు. వాళ్ళ నవ్వులు చూస్తే రేవతికి కూడా నోట్లోకి వచ్చిన మాట మళ్ళీ లోపలికి పోయేది. బిడ్డ అలా నవ్వడం ఆమె ఇంకెక్కడా చూడలేదు.

అన్వరీకి మాత్రం డాక్టరు చెప్పింది గుర్తుండేది. వచ్చినప్పుడల్లా కొడుకును గడప దగ్గరే కూర్చోబెట్టేది. మూతికి గుడ్డ కట్టేది. "ఈడ గాలి బాగుండాది అమ్మా, వాడు ఈడనే ఉంటాడులే" అనేది. ఇక చూడండి, వరదమ్మకు ఎక్కడ లేని రోషం వచ్చేది. "నా ఇంటికొచ్చిన బిడ్డ గడప కాడ కూసునేదేంది? రా నాయనా, నట్టింట్లోకి రా" అని వాణ్ణి రెక్క పట్టుకుని లోపలికి తెచ్చి, మూతిగుడ్డ విప్పి, మనవరాలి పక్కనే కంచం పెట్టేది. అన్వరీ ఒకటి రెండుసార్లు నోరు తెరిచింది. కానీ ఇంత ఆదరించే మనిషికి వద్దని ఏ నోటితో చెబుతుంది? పుత్తూరులో ఆమె సొంత చుట్టాలే షాకిర్ తాగిన గ్లాసు దూరంగా పెడుతున్నారు మరి.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. రేవతి ఏకాంబరకుప్పంలో చుట్టాలింట సీమంతానికి పోయింది. క్యారంబోర్డు ఆడుతూ ఆడుతూ షాకిర్ ఉన్నట్టుండి ఆపేశాడు. దగ్గు తెర అందుకుంది. రొమ్ము పిల్లికూతలు కూసింది, పెదాలు నల్లబడ్డాయి. వాడి మిషను పుత్తూరులో ఉంది. అన్వరీ గబగబా చెప్పులేసుకుంది.

"ఆటో పిలవండమ్మా, ఇంటికి పోతాం. బిన్నా పోతే, తొందరగా మిషను పెడితే..."

"ఇంటికి పొయ్యేలోపల పిల్లోడు ఏమైతాడు? కూసో" అని వరదమ్మ లోపలికి పోయి తేజస్విని మిషను తెచ్చింది. గిన్నెలో మందు పోసింది. మాస్కు వాడి మొహానికి పెట్టబోతుంటే అన్వరీ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. పాపది అది. ఒకరిది ఒకరికి వాడగూడదని డాక్టరు మరీ మరీ చెప్పినాడు. మీకూ చెప్పినాడంట గదా. నా బిడ్డ కఫంలో ఆ పురుగు ఉండాదమ్మా. పాపకు లేదు."

ఆ మాట అన్వరీ అంది. స్పష్టంగా అంది. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా వరదమ్మకు ఆ మాట అలాగే వినపడుతుంది. కానీ ఆ నిమిషంలో ఆమె చూసింది అడ్డం పెట్టిన ఆ చేతినే. తన ఇంట్లో, తన ఎదురుగా, ఒక సాయిబుల తల్లి సొంత బిడ్డనే అంటరానివాడన్నట్టు వెనక్కి లాక్కోవడం.

"అన్వరీ, నా ఇంట్లో నీ బిడ్డ నా బిడ్డ అని లేదు. తియ్యి సెయ్యి" అంది.

అన్వరీ చెయ్యి తీసేసింది. కళ్ళ నీళ్ళు జారిపోతున్నాయి. మిషను బుస్సుమంది. కాసేపటికి షాకిర్ పెదాలకు రంగు వచ్చింది. వరదమ్మ గెలిచినట్టు నిట్టూర్చి, ఆ గిన్నెనూ మాస్కునూ పెరట్లో పంపు కింద బాగా రుద్ది కడిగి ఆరబెట్టింది. బిడ్డను బతికించాననే అనుకుంది. ఆ పూటకు బతికించింది కూడా.

సాయంత్రం రేవతి వచ్చి తడి ఆరని మాస్కు చూసింది. "పాపకు ఈ ఏళప్పుడు ఆవిరి పెట్టినావా అత్తమ్మా?" అని అడిగింది. వరదమ్మ జరిగింది చెప్పింది, చెప్పి "కడిగినాను లే" అంది. రేవతి ఆ గిన్నెనూ మాస్కునూ తీసుకుపోయి పొయ్యి మీద చాలాసేపు ఉడకబెట్టింది. ఆమె వీపు మాత్రమే కనపడుతోంది. అది చూసి వరదమ్మకు కోపమే వచ్చింది. దీనికి మనసు చిన్నది అనుకుంది. చూశారా, ఎక్కడికి పోయిందో బుద్ధి.

వానలు మొదలయ్యాక తేజస్వినికి జ్వరం తగులుకుంది. కఫం పచ్చగా పడింది. తిన్న నాలుగు మెతుకులూ దగ్గుతో బయటికొచ్చేవి. తిరుపతికి పోయి కఫం పరీక్షకిచ్చి వచ్చారు. మళ్ళీ పోయినప్పుడు డాక్టరు కాగితం చూసి, పిల్లను నర్సుతో బయటికి పంపాడు.

"సూడోమోనాస్" అన్నాడు. ఆ పేరు మాత్రం వరదమ్మకు ఒక్కసారికే నోరు తిరిగింది.

"మొదటిసారి కనపడింది కాబట్టి ఒక అవకాశం ఉంది. ఇప్పుడే గట్టిగా తరిమితే పోవచ్చు. పోతే అదృష్టం. పోకపోతే అది ఉండిపోతుంది. ఆ తర్వాత దాన్ని అదుపులో పెట్టుకోవడమే గానీ వెళ్ళగొట్టడం ఉండదు" అన్నాడు. పిల్లను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. చేతికి సూదిమందు, మిషనులో ఇంకో మందు.

వరదమ్మ ఆ రోజుల్లో ఎన్ని మొక్కులు మొక్కిందో ఆమెకే తెలియదు. కాణిపాకం వినాయకుడికి మొక్కింది. కొండకు మోకాళ్ళ మీద వస్తానంది. పుత్తూరు దర్గాలో ఫాతిహా చదివించమని అన్వరీకి ఫోన్ చేయబోయి, ఏ మొహంతో అడగాలో తెలియక పెట్టేసింది. మనవరాలి వీపు తడుతూ తడుతూ లోపల ఉన్నదానితో మాట్లాడేది. పో, పోవే, నా బిడ్డను వదిలి పో, కావాలంటే నా రొమ్ములో కాపురం పెట్టు అనేది. అది మామూలు మనుషుల్ని ఏమీ చెయ్యదని డాక్టరు ముందే చెప్పాడు కదా.

మందులు అయిపోయాక మళ్ళీ కఫం పరీక్ష. క్రిమి ఉంది. మందు మార్చారు. మళ్ళీ పరీక్ష. ఉంది. డాక్టరు కాగితం మీద వేలు పెట్టి, "ఏ మందుకు లొంగుతుంది, దేనికి లొంగదు అని ఇందులో ఉంటుంది. మామూలుగా కొత్తగా పట్టిన క్రిమి ఇంత మొండిగా ఉండదు. చాలా మందులు చూసి రాటుదేలింది ఇది" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఆ పుత్తూరు అబ్బాయితో కలుస్తున్నారా?"

రేవతి నేల చూపులు చూసింది. చెప్పేస్తుందేమో అనుకుంది వరదమ్మ. చెప్పలేదు. చివరికి తనే నోరు విప్పాల్సి వచ్చింది.

"కలుస్తా ఉన్న్యాం సార్. నేనే రమ్మన్న్యాను. మిషను కూడా ఒకసారి ఇచ్చినాను."

డాక్టరు తిట్టలేదు. "అక్కడి నుంచే వచ్చిందని ఖాయంగా చెప్పలేను. ఈ క్రిమి నీళ్ళలో ఉంటుంది, కుళాయిలో ఉంటుంది, ఎక్కడి నుంచైనా రావచ్చు" అన్నాడు. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఆమె కళ్ళల్లోకి చూడలేదు. "ఇప్పుడైనా దూరం పాటించండి. ఇద్దరికీ ఉన్నది ఒకటే క్రిమి కదా అనుకోకండి. ఒకే పేరున్న క్రిమిలో రకాలుంటాయి. ఇంకో రకం మారితే ఇద్దరికీ నష్టమే."

ఇంటికొచ్చాక రేవతి ఒక్క మాట అని ఉంటే బాగుండేది. "నేను ఆ పొద్దే చెప్పలేదా అత్తమ్మా" అంటే చాలు, వరదమ్మ ఏడ్చేది, తలబాదుకునేది, ఎంతో కొంత తేలికపడేది. రేవతి ఏమీ అనలేదు. కండెలు చుట్టుకుంది. ఆవిరి గిన్నె ఉడకబెట్టుకుంది. అత్తకు అన్నం పెట్టింది. ఒక్కటి మాత్రం మారింది. సాయంత్రం పిల్ల వీపు తట్టే వేళకు తనే ముందుగా వచ్చి కూర్చునేది. పక్కకు జరుగు అనే ధైర్యం వరదమ్మకు మళ్ళీ రాలేదు.

అన్వరీ ఫోన్ చేసింది. సంగతి ఆమెకు తెలిసిపోయింది.

"నా బిడ్డ వల్లే అమ్మా. ఆ పొద్దు నేను గట్టిగా వద్దనాల్సింది. మీ మనసు నొచ్చుకుంటాదని..."

"నువ్వు అన్న్యావు తల్లీ" అంది వరదమ్మ. "నువ్వు సెయ్యి అడ్డం పెట్టి మరీ అన్న్యావు. నేనే ఇనలేదు."

ఇద్దరూ ఫోన్ పెట్టెయ్యలేదు. మగ్గాల చప్పుడులో ఎవరు ఏడుస్తున్నారో ఎవరికీ వినపడలేదు.

మంచికి పోతే చెడు ఎదురైందని వీధిలో వాళ్ళు ఓదార్చారు. నీ తప్పేముంది వరదమ్మా, మంచి మనసుతో చేసినావు అన్నారు. ఆ ఓదార్పు ఆమెకు రుచించలేదు. ఒక మనిషిని అవమానించడానికి దూరం పెట్టడం వేరు, ఒక బిడ్డను కాపాడడానికి దూరం పెట్టడం వేరు. ఆ తేడా కోడలికి తెలిసింది, అన్వరీకి తెలిసింది, చదువుకున్న డాక్టరుకు సరేసరి. లోకజ్ఞానమంతా తనదేనని విర్రవీగిన తనకే తెలియలేదు. చచ్చి ఏ లోకానున్నాడో హజరత్ వలి, ఆయన దోసిలి పట్టిన బాకీ తీర్చాలనుకుంది. తీర్చింది ఎవరు? మనవరాలి చిన్న రొమ్ము. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని అంటారు, ఇక్కడ కాలిన చేతులు కూడా ఆమెవి కావు.

ఆదివారం పొద్దున తేజస్విని మంచం మీద కూర్చుని వీడియో కాల్‌లో షాకిర్‌తో మాట్లాడుతోంది. కొంచెం కోలుకుంది. మొహంలో మాత్రం కళ్ళు పెద్దవైపోయాయి, వాడికి లాగే. ఉన్నట్టుండి ఫోన్ ఒళ్ళో బోర్లా పెట్టి అవ్వను పిలిచింది.

"అవ్వా, షాకిర్‌కు ఉండే పురుగే నాక్కూడా వచ్చిందంట గదా?"

"ఎవురు సెప్పినారు?"

"అమ్మ, నాయన మాట్లాడుకుంటా ఉంటే ఇన్న్యాను. అయితే మంచిదే గదా. ఇంక వాని నుంచి నాకు కొత్తగా వచ్చేదేమీ ల్యా. ఇంక మేము రోజూ ఆడుకోవచ్చు."

ఎంత సంతోషంగా అడిగిందో. వరదమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"కూడదు తల్లీ."

"ఎందుకు?"

"దాంట్లో మళ్ళీ రకాలుంటాయంట. ఒకరిది ఒకరికి పోతే ఇద్దరికీ సెడ్డంట. డాక్టరు సెప్పినాడు."

"ఇప్పుడు చెప్పినాడా?"

అబద్ధం ఆడొచ్చు. ఇప్పుడే చెప్పాడు అంటే సరిపోయేది. ఆ పిల్ల నమ్మేది.

"మొదట్లోనే సెప్పినాడు" అంది వరదమ్మ.

తేజస్విని ఆలోచించింది. "మరి మేము అన్నిదినాలు ఆడుకున్న్యాం గదా. నువ్వే గదా వాణ్ణి నా పక్కన కూసోబెట్టింటివి. అప్పుడెందుకు వద్దనలేదు అవ్వా?"

ఏ ప్రశ్నకైనా ఆ నోట్లో జవాబు సిద్ధంగా ఉండేది. ఊరికి తెలిసిన నోరు. ఇప్పుడు అది మెల్లగా తెరుచుకుంది.

"మంచిదాన్ననిపించుకోవాలని ఉండె నాకు" అంది. "వద్దంటే సెడ్డదాన్నయిపోతానని సెప్పలేదు తల్లీ."

పిల్లకు ఎంత అర్థమైందో తెలియదు. కోపం రాలేదు, ఏడవలేదు. ఒళ్ళో బోర్లా పెట్టిన ఫోన్ తీసి అవ్వ చేతికిచ్చింది.

"అయితే వానికి నువ్వే చెప్పు. నేను చెప్పలేను."

ఫోన్‌లో షాకిర్ ఇంకా ఉన్నాడు. తల దువ్వుకుని, మంచి చొక్కా వేసుకుని ఉన్నాడు. వరదమ్మ మొహం కనపడగానే నవ్వాడు.

"అవ్వా, మా అబ్బా వచ్చే వారం సరుక్కు వస్తాడంట. నేనూ రావచ్చునా?"

"రావద్దు నాయనా" అంది వరదమ్మ. మగ్గాల చప్పుడుకు వినపడలేదేమోనని ఇంకోసారి అంది. "నువ్వు ఇంక మా ఇంటికి రావద్దు."

వాడు ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పాలని రకాలు, క్రిములు, డాక్టరు మాట, అన్నీ ఆమె నోటి దాకా తెచ్చుకుంది. వాడు తల ఊపి, "సరే అవ్వా" అని ఫోన్ పెట్టేశాడు.